ఎమ్మిగనూరు నుంచి తుఫాను హెచ్చరిక

బేలుకు బిగించిన ఇనుప పట్టీలు కట్టర్ కింద ఒక్కొక్కటే తెగాయి. బిగదన్నుకుని ఉన్న పత్తి ఒక్కసారిగా ఉబ్బింది. ఆ తెల్లదనంలోంచి ముందు ఒక చేయి బయటపడింది. తర్వాత ముఖం.

బసవరాజు.

కూలీలు కేకలు వేస్తూ గేటు వైపు పరుగెత్తారు. ఏజెంట్ వెంకటేశులు మాత్రం తన వేషం మరిచిపోలేదు. ఆదోనిలోని ఆ జిన్నింగ్ మిల్లులో అతను కోయంబత్తూరు నుంచి వచ్చిన పత్తి బయ్యరు. తెల్ల సఫారీ, బంగారు ఫ్రేము కళ్ళజోడు, వేళ్ళకు ఉంగరాలు. పత్తి బయ్యరుకు శవాన్ని చూస్తే భయం వేయాలి. అందుకే వెనక్కి తగ్గి నోటికి కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాడు. కర్చీఫ్ వెనక పళ్ళు బిగుసుకున్నాయి. బసవరాజు అతనికి శిష్యుడు. గన్ను పట్టడం నేర్పింది తనే.

పక్కన కన్యక నల్లద్దాలు తీయలేదు. శాంపిల్ కోసం ఆ బేలే విప్పమన్నది ఆమె.

కన్యక ఆదోని పత్తి వ్యాపారి మల్లికార్జునయ్య కూతురు. దుబాయ్‌లో ఎక్స్‌పోర్ట్ ఆఫీసు నడిపేది. ఆయుధాలు దొంగరవాణా చేసే ఒక విదేశీ ముఠా ఆమెను అక్కడే చేర్చుకుంది. వెంకటేశులు పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంట్ కూడా ఆమెను అక్కడే చేర్చుకుంది. డబుల్ ఏజెంట్. ఆమె ఎవరి మనిషో ఆమెకైనా తెలుసా అని ఆఫీసులో అందరికీ అనుమానమే.

వెంకటేశులు కళ్ళజోడు కాడలో దాచిన రిసీవర్ సన్నగా పలికింది. ఢిల్లీ నుంచి డైరెక్టర్.

"మంచివార్త చెప్పు."

"బసవరాజు దొరికినాడు సార్. ప్రాణం లేదు."



"దుఃఖం తర్వాత. ఇప్పుడు విను. ఆగ్నేయ అరేబియా సముద్రంలో తుఫాను బలపడుతోంది. లక్షద్వీప్ దగ్గర అలలు ఇంటి ఎత్తున లేస్తున్నాయి. దానికి ఉత్తరాన, తూర్పు మధ్య భాగంలో, సముద్రం ప్రశాంతంగా ఉంది. మన చేపల పడవలు వందల సంఖ్యలో అక్కడే ఉన్నాయి. సాయంత్రం సముద్ర వాతావరణం చెప్పే మెరైన్ బులెటిన్ శాటిలైట్ ద్వారా వాటికి వెళ్తుంది. దాన్ని తొక్కేసి ముఠా తన బులెటిన్ పంపబోతోంది. అందులో ప్రాంతాలు తారుమారు చేస్తారు. తీరానికీ పడవలకూ మధ్య తుఫాను ఉంది, దక్షిణానికి పారిపొమ్మంటారు."

"అంటే నేరుగా తుఫాను నోట్లోకి."

"కోస్ట్‌గార్డ్ మొత్తం శవాలు ఏరడానికి దక్షిణానికి పరుగెడుతుంది. ఖాళీ అయిన తీరంలో ఆయుధాల ఓడ దిగుతుంది. ఆ దొంగ బులెటిన్ పంపే డిష్ ఎక్కడుందో కనిపెట్టు. కమాండోలు కర్నూలు దాటారు. కానీ బులెటిన్ టైముకు అందుకోలేరు."

కారు ఎమ్మిగనూరు రోడ్డెక్కింది. స్టీరింగ్ కన్యక చేతిలో ఉంది. రెండు వైపులా వాన ఎరగని నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది.

"డిష్ ఎమ్మిగనూరులో ఉండాది. దుప్పట్ల రంగుల షెడ్డు మిద్దె మీద," అందామె. "తీరంలో పెడితే మబ్బుకూ వానకూ సిగ్నల్ తెగిపోతాది. ఈడ ఆ భయం లేదు. మన కరువు వాళ్ళకు కలిసొచ్చింది."

"ఆ బేల్లో శవముందని నీకెట్ల తెలుసు?"

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"బసవరాజును వాళ్ళకు పట్టిచ్చింది నేనే."

వెంకటేశులు పిస్టల్ ఆమె పక్కటెముకలకు ఆనింది.

"కాల్చన్నా. కానీ విని కాల్చు. వాళ్ళు నన్ను నమ్మలేదు. ఒక మనిషినిస్తేనే డిష్ యాడుందో సెప్తామన్నారు. పడవల్లో ఎంతమంది ఉండారో లెక్కేసుకున్నా. ఇచ్చినా."

"వాన్ని అడిగినావా?"

ఆమె యాక్సిలరేటర్ తొక్కింది. కారు ఎమ్మిగనూరు పొలిమేర చేరింది. ట్రిగ్గర్ మీద వేలు అలాగే ఉంది. నొక్కితే షెడ్డు లోపలికి దారి లేదు. అతను పిస్టల్ తీసి ఆమె ఒళ్ళో పడేశాడు.

"పా. నన్ను గూడా పట్టియ్యి."

షెడ్డులో రంగుల తొట్ల మధ్య హాల్‌బర్గ్ కూర్చుని ఉన్నాడు. ముఠా నాయకుడు. పాలిపోయిన ముఖం, ముందు లాప్‌టాప్, తలుపు దగ్గర గన్‌మాన్. హాల్‌బర్గ్ వెంకటేశులును సోదా చేసి, పెన్ను ఆకారంలో ఉన్న సిగ్నల్ జామర్‌ను లాక్కుని బూటు కింద నలిపేశాడు. కన్యక వైపు తిరిగి నవ్వాడు.

"వెరీ గుడ్. ఇప్పుడు అతన్ని నువ్వే కాల్చు."

ఆమె పిస్టల్ ఎత్తింది. వెంకటేశులు గుండెకు గురిపెట్టింది. ఆమె కళ్ళలోకి చూసి అతను ఏమీ తేల్చుకోలేకపోయాడు.

చేయి చటుక్కున పక్కకు తిరిగింది. మొదటి గుండుకు గన్‌మాన్ కూలాడు. రెండోది హాల్‌బర్గ్ గొంతులో దిగింది. కానీ అప్పటికే అతని గన్ కూడా పేలింది. కన్యక రంగు తొట్టిని పట్టుకుని కిందికి జారిపోయింది.

"మిద్దెకు పో! డిష్ దానంతటదే పంపుతాది!"

వెంకటేశులు మెట్లు ఎగబాకాడు. మిద్దె మీద డిష్, దాని చుట్టూ మనిషెత్తు ఇనుప కంచె. కంచె నిండా కరెంటు గుయ్యిమంటోంది. ఎక్కడానికి లేదు, కోయడానికి లేదు. లోపల పెట్టె మీద ఎర్ర దీపం వెలిగి ఆరుతోంది. ఆకుపచ్చగా మారిందంటే దొంగ బులెటిన్ ఆకాశంలోకి వెళ్ళడం మొదలైనట్టే.

పక్కనే తొట్టిలో దుప్పట్లు నానుతున్నాయి. ముఠా లోకానికి చూపించడానికి పెట్టుకున్న సరుకు.

వానకు తెగే సిగ్నల్ తడికి తెగదా?

నీళ్ళు కారే దుప్పటిని రెండు చేతులా ఎత్తి విసిరాడు. అది కంచెకు తగులుకుని నిప్పులు చిమ్మింది. రెండోది డిష్ అంచున పడి జారిపోయింది. దీపం ఆకుపచ్చగా మారింది. మూడో దుప్పటిని తలకు పైగా తిప్పి, ఉన్న బలమంతా పెట్టి వదిలాడు. అది కంచె దాటి డిష్ మూతి మీద దబ్బున పడి, నిండా కప్పేసింది.

దీపం తడబడింది. మళ్ళీ ఎర్రబడింది.

ఒకదాని మీద ఒకటి, తొట్టి ఖాళీ అయ్యేదాకా విసురుతూనే ఉన్నాడు. అప్పుడు పలికింది రిసీవర్.

"లింకు తెగింది! అసలు బులెటిన్ వెళ్తోంది! పడవలు తీరం వైపు తిరుగుతున్నాయి!"

కిందికి వచ్చేసరికి కన్యక ఊపిరి ఎగదన్నుతోంది.

"ఆపినావా?"

"ఆపినా."

"అయితే బసవరాజును ఊరికే సంపలేదన్నా నేను."

అవునంటే ఆమె ప్రశాంతంగా పోయేది. కాదంటే బసవరాజుకు న్యాయం జరిగేది. ఏ మాట అనాలో తేల్చుకునే లోపే ఆమె కళ్ళు నిలిచిపోయాయి.

మర్నాడు బసవరాజుకు సొంతూరు కౌతాళంలో మట్టి వేశారు. తల్లి లింగమ్మ, కొడుకుకు పై ఆఫీసరునంటూ వచ్చిన వెంకటేశులు చేయి పట్టుకుంది.

"సముద్రం కాడ ఉజ్జోగం అంటాండె నాయనా. నీళ్ళలో మునిగి సచ్చినాడా?"

"లేదమ్మా," అన్నాడు వెంకటేశులు. "నీ కొడుకు పుణ్యాన సముద్రంలో ఎవురూ మునగలేదు."

ఆమెకు అర్థం కాలేదు. అయినా చేయి వదల్లేదు.

ఊరి బయటికి వచ్చాక డైరెక్టర్ ఫోన్.

"ఓడను పట్టుకున్నాం. పడవలన్నీ క్షేమం. ఒక చిక్కొచ్చింది. నిన్న బులెటిన్ లేటుగా వచ్చిందని పడవల ఓనర్లు కంప్లయింట్ ఇచ్చారు. లిఖితపూర్వకంగా సమాధానం కావాలట. ఏమని రాయమంటావ్?"

వెంకటేశులు వెనక్కి తిరిగి, ఇంకా ఆరని ఆ మట్టి వైపు చూశాడు.

"అంతరాయానికి చింతిస్తున్నామని రాయండి సార్."