గెలిచినోళ్ల రక్తం

లూదియా మీద నాకు మొదట పుట్టింది ప్రేమ కాదు, కోపం. మామూలు కోపం కూడా కాదు. ట్రాక్టరు కింద పడుకొని బోల్టు బిగిస్తుంటే ఎవడో పైన ఇంజను స్టార్ట్ చేస్తే వస్తుందే, ఆ కోపం.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మేం ఉయ్యాలవాడ జట్టు మీద గెలిచాం. మోకాళ్ల మట్టి కూడా దులుపుకోకుండా ఆళ్లగడ్డ నుంచి వ్యాన్ ఎక్కి నేరుగా నంద్యాల బ్లడ్ బ్యాంకుకు వెళ్లాం. మా టోర్నమెంటులో కప్పు లేదు. గెలిచిన జట్టు వెళ్లి రక్తం ఇస్తుంది. అంతే.

ఈ రూల్ పెట్టింది సంజీవయ్య సార్. రిటైరైన డ్రిల్లు మాస్టారు, మా మ్యాచులన్నిటికీ ఆయనే అంపైరు. తలసేమియా పిల్లల కోసం ఈ టోర్నమెంటు మొదలుపెట్టాడు. "ఓడినోడు ఇస్తే అది జరిమానా అయితాదప్పా. గెలిచినోడే ఇయ్యాల" అంటాడు. మా వికెట్ కీపర్ బాబ్జాన్ అన్న కూతురు ఆలియాకు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. అందుకే మా జట్టు ప్రతి మ్యాచూ గెలవాలని చచ్చేట్టు ఆడుతుంది.

చిక్కేమిటంటే, జనవరి రెండో ఆదివారం గెలిచినప్పుడే నేను రక్తం ఇచ్చేశాను. మళ్లీ ఇవ్వాలంటే తొంభై రోజులు ఆగాలి. కెప్టెన్‌ని, గెలిపించినవాణ్ణి, బయట బెంచీ మీద కూర్చోవాలా? ఫారం మీద బాబ్జాన్ అన్న తమ్ముడి పేరు రాసి కుర్చీలో కూర్చున్నాను.

అక్కడ టెక్నీషియన్ లూదియా. ఫారం చూసింది, నన్ను చూసింది.

"పేరు?"

"జాకీర్."

"పోయిన నెల ఇదే కుర్చీలో అజయ్ కుమార్ అని కూర్చొని, సూది చూసి కండ్లు మూసుకునింది ఎవరు?"

వెనక మావాళ్లు కిసుక్కుమన్నారు.

"మా తమ్ముడు" అన్నాను.

"మీ తమ్మునికి కూడా ఎడమ కనుబొమ్మ మీద అవే కుట్లు పడినాయా?"

నేను నోరు తెరిచేలోపు నా వేలు పట్టుకుని టక్కున గుచ్చింది. మిషన్ చూసి పెదవి విరిచింది. "పదకొండు పాయింట్ రెండు. హిమోగ్లోబిన్ పన్నెండున్నర లేందే నేను తీసుకోను. లేయప్పా, కుర్చీ ఖాళీ చెయ్."

"నా రక్తం, నా ఇష్టం."

"రక్తం నీదే. బ్యాగు నాది" అని, అందరికీ వినబడేట్టు చెప్పింది. "ఈ టీంలో ఇంగెంతమంది దొంగ పేర్లు రాసినారో చూడాల. ఈ పొద్దు ఎవరిదీ తీసుకోను. పోండి."

పదకొండు మందిమీ తలలు దించుకుని వ్యాన్ ఎక్కాం. శిరివెళ్ల దాటాక బాబ్జాన్ అన్న నోరు తెరిచాడు. తెరవకపోయినా బాగుండేది.

"నా తమ్ముని పేరే దొరికిందా నీకు? రేపు ఆ రక్తంలో ఏమన్నా తేడా వస్తే వాళ్లు జాకీర్‌కి ఫోన్ చేస్తారు. వాడు నాకేం తెలుసంటాడు. అప్పుడు నా బిడ్డ గతి ఏందిరా?"

"అన్నా, నేను ఆలియా కోసమే కదా..."

"గమ్మునుండు. నీ పేరు కోసం చేసినావ్. నువ్వు కెప్టెన్‌గా ఉన్నన్ని దినాలు నేను గ్లౌజులు తొడగను."

అయినా తప్పు నాది అనిపించలేదు. కోపమంతా ఆ పిల్ల మీదికే మళ్లింది. మర్నాడు సంజీవయ్య సారుకు ఫోన్ చేశాను.

"సార్, ఆ బ్లడ్ బ్యాంకు పిల్లకి శానా పొగరు సార్. మనుషుల్ని మనుషుల మాదిరి చూడదు."

"అవునప్పా" అన్నాడాయన తాపీగా. "ఇంట్లో కూడా అంతే."

"ఎవరింట్లో సార్?"

"మా ఇంట్లో. నా కూతురే కదా."

ఫోన్ కట్ చేసి తల పట్టుకున్నాను. సారీ చెబుదామని మళ్లీ చేస్తే అవతల వేరే గొంతు పలికింది. "పొగరు పిల్ల మాట్లాడుతాండా. చెప్పు."

మళ్లీ కట్ చేశాను.

మార్చిలో ఆమె మిషన్ పట్టుకుని ఆళ్లగడ్డ గ్రౌండుకే దిగింది. ఇకనుంచి మ్యాచుకు ముందే అందరికీ టెస్టు అంది. నాకు పదకొండు పాయింట్ తొమ్మిది వచ్చింది. ఒక మాత్రల అట్ట చేతిలో పెట్టింది. "ఐరన్ మాత్రలు. దినామూ ఒకటి. టీతో మింగొద్దు."

"నాకేం అవసరం లేదు."

"నిన్నెవరు అడిగినారు?"

మూడో ఓవర్లో అకాల వర్షం అందుకుంది. అందరూ వ్యాన్‌లోకి పరుగెత్తారు. నేను రేకుల షెడ్డు కిందికి దూరాను. ఆమె అప్పటికే అక్కడుంది. రేకుల మీద వాన దబదబా కొడుతోంది, ఇద్దరం చెరో స్తంభానికి ఆనుకుని మొహాలు తిప్పుకున్నాం. ఆమె జడ కొసన నీళ్లు పిండుకుంటుంటే బాగుంది. బాగుందని అనిపించినందుకు ఇంకా మండింది.

"అందరి ముందర పరువు తీయాల్నా? పక్కకి పిలిచి చెప్పింటే నీ సొమ్మేం పోయేది?" అని అడిగేశాను.

"అది నా తప్పే" అంది. "కోపమొస్తే నాకి కండ్లు కనపడవు."

ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. కొట్లాటకు సిద్ధమై వచ్చినవాణ్ణి, స్తంభం వదిలి ఆమె వైపు తిరిగాను.

"ఆలియా వాళ్లమ్మ ఉందే" అంది మళ్లీ, వానను చూస్తూ. "ప్రతిసారీ బ్యాగు చేత్తో పట్టుకొని చూస్తాది. దాని మీద నంబరు తప్ప ఏముంటాది? ఆ నంబరునే నమ్ముతాది. దానికి సంతకం పెట్టేది నేను. నువ్వు దొంగ పేరు రాస్తే నేను దొంగ సంతకం పెట్టినట్టే కదా."

నాకు మళ్లీ కోపం వచ్చింది. ఈసారి నా మీదే.

మరుసటి రోజు బాబ్జాన్ అన్న బేకరీకి వెళ్లాను. "తప్పు చేసినా అన్నా. కెప్టెన్సీ నువ్వు తీసుకో. గ్లౌజులు తొడుగు."

అన్న బన్నులు సర్దుతూనే అన్నాడు. "ఆడతా. ఆలియా కోసం ఆడతా. నీతో మాత్రం మాట్లాడను. నీ సొంత పేరు మీద రక్తం ఇచ్చినరోజు మాట్లాడతా."

నాకు తొంభై రోజులు పూర్తయ్యేది ఫైనల్ నాటికే. సార్ రూల్ ప్రకారం గెలిస్తేనే ఇవ్వగలను. ఓడితే సీజన్ అయిపోతుంది, అన్న నాతో మాట్లాడడు.

అప్పట్నుంచి రోజూ మాత్ర మింగాను. మూడు రోజులకొకసారి లూదియా ఫోన్ చేసేది.

"మింగినావా?"

"మింగినా. నీకేం పని లేదా?"

"ఉంది. చేసుకుంటానే అడుగుతాండా. టీతో మింగినావా?"

"లేదు తల్లీ."

"తల్లీ గిల్లీ అంటే ఊరుకోను."

మా ముచ్చట్లన్నీ ఇట్లాగే నడిచాయి. ఒకసారి నాలుగో రోజు కూడా ఫోన్ రాకపోతే నేనే చేసి, ఎందుకు చేయలేదని తిట్టాను.

ఏప్రిల్‌లో ఫైనల్. నంద్యాలలో, నంద్యాల జట్టుతో. పొద్దున్నే నా వేలు గుచ్చి, మిషన్ చూసి, మొదటిసారి నవ్వింది. పదమూడు.

ఆఖరి వికెట్టు, నాలుగు పరుగులు కావాలి, బ్యాటు నా చేతిలో ఉంది. బంతి ప్యాడుకు తగిలింది. సంజీవయ్య సార్ వేలు పైకెత్తాడు. ఆ బంతి లెగ్ స్టంపు బయటికి పోతోంది. ఈ రోజుకీ అదే చెబుతాను.

బ్యాటు విసిరికొట్టి ఆయన మీదికి వెళ్లాను. "ఏంది సార్ ఇది? ఎట్ల ఔటు? నేనీ పొద్దు రక్తం ఇయ్యాల సార్."

"ఔటంటే ఔటే. గెలిచినోళ్లు ఇస్తారు. రూల్ రూలే."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. బాబ్జాన్ అన్న దూరంగా నిలబడి చూస్తున్నాడు. ఇంతలో లూదియా గ్రౌండు మధ్యకు దూసుకొచ్చింది.

"నాయనా, ఔటు సంగతి పక్కన పెట్టు. నీ రూల్ వల్లే ఈయప్ప దొంగ పేరు రాసినాడు. రక్తం ఇచ్చేదాన్ని గొప్ప చేసి పెట్టినావ్, గొప్ప కోసం మనిషి ఎంతకైనా తెగిస్తాడు. ఈ వారం నా ఫ్రిజ్‌లో ఓ పాజిటివ్ రెండే బ్యాగులుండాయి. అది గెలిచినోళ్లదా ఓడినోళ్లదా అని ఆలియా అడుగుతాదా?"

సార్ ముఖం ఎర్రబడింది. కూతుర్ని చూశాడు, నన్ను చూశాడు. టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. "అందరూ పోండి. ఇచ్చేకి అయినోళ్లంతా పోండి. వచ్చే ఏడు నుంచి అదే రూల్" అని విసురుగా వెళ్లిపోయాడు.

గంట తర్వాత నేను కుర్చీలో ఉన్నాను, నా పేరు మీద. బాబ్జాన్ అన్న వచ్చి నా పొట్ట మీద బన్ను పొట్లం పెట్టాడు. "అయినాక తిను. వట్టి కడుపుతో లేస్తే కింద పడతావ్" అని, నా భుజం ఒకసారి గట్టిగా నొక్కి వెళ్లాడు.

లూదియా సూది గుచ్చింది. నేను కళ్లు మూసుకోలేదు. ఆమెనే చూశాను.

"నువ్వంటే నాకిష్టం" అన్నాను.

"కదలొద్దు."

"ఇంత మాట చెప్తే అదేనా జవాబు?"

"సూది జరుగుతాదప్పా. బ్యాగు నిండనీ."

ఆ ఏడు నిమిషాలూ నాకు ఒళ్లు మండిపోయింది. ఆఖరికి సూది తీసి, దూది అదిమి, నా మోచెయ్యి మడిచి, చేయి వదలకుండా పట్టుకుంది.

"నాకి గూడా ఇష్టమే. వాన రోజు నుంచి చెప్పాలనుకుంటాండా. నువ్వు నోరు తెరిస్తే కొట్లాటే కదా, యాడ చెప్పేది? ఇంటికి పోదాం పా. నాయనకి చెప్పు. అరుస్తాడు. నేను పక్కన ఉంటా."

అరిచాడు. నా ట్రాక్టరు మెకానిక్ పని గురించి, నా కోపం గురించి, నేను విసిరిన బ్యాటు గురించి, నేను రాసిన దొంగ పేరు గురించి గుక్క తిప్పుకోకుండా అరిచాడు. నేను నోరెత్తలేదు. ఆయన చెప్పినవన్నీ నిజాలే. గొంతు బొంగురుపోయాక నా మోచేతి మీది దూదిని చూసి, లోపలికి తిరిగి కేకేశాడు.

"ఎవరన్నా అన్నం పెట్టండి ఈయప్పకి. రక్తం ఇచ్చొచ్చినాడు, ఇంతసేపు నిలబెట్టినా."