ఒక్క లోపమూ లేని కారు

మొదటి సాక్షి బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు.

మళ్ళీ తొక్కాడు. పెడల్ మెత్తగా అడుగంటా దిగిపోయింది. ఎదురుగా పెట్రోల్ ట్యాంకర్. ఆయన్ను గుర్తుపట్టడానికి చివరికి మిగిలినవి కొన్ని పళ్ళు, ఒక పెన్ను క్యాప్.

"కారులో లోపమేమీ దొరకలేదు," అన్నాడు చీఫ్, ఫొటోలను బల్ల మీద పేకముక్కల్లా పరుస్తూ. "ముందురోజే డీలర్ వర్క్‌షాప్‌లో సర్వీసింగ్ కూడా అయింది."

"అయితే వర్క్‌షాప్‌లోనే వాళ్ళ మనిషి ఉన్నాడు," అన్నాడు ఏజెంట్ తేలు.

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ తేలు అనే పిలుస్తారు. అసలు పేరు భార్యకు తెలుసు. అసలు ఉద్యోగం మాత్రం తెలియదు. మొగుడు ఇన్సూరెన్స్ కంపెనీలో నోట్లో నాలుక లేని ఉద్యోగి అనుకుంటుంది ఆ పిచ్చితల్లి.

చీఫ్ గొంతు తగ్గించాడు. "మిసైల్ డ్రాయింగులు అమ్ముకునే విదేశీ ముఠా. నాయకుడు మన కస్టడీలో ఉన్నాడు. వాడి మొహం గుర్తుపట్టగలిగేది ఇద్దరే. ఒకడు అయిపోయాడు. మిగిలింది వాళ్ళ దగ్గర పనిచేసిన వంటాయన. రేపు మధ్యాహ్నం లోపు ఆయన్ను కోర్టులో నిలబెట్టకపోతే, నాయకుడు దర్జాగా విమానం ఎక్కుతాడు."

"కారు?"

"దారి పొడుగునా వాళ్ళ తుపాకులు కాచుకుని ఉంటాయి. మనకున్న బుల్లెట్‌ప్రూఫ్ కారు ఒక్కటే, అదీ ముసలిది. ఏ వర్క్‌షాప్‌కీ పంపొద్దు, మీ ఇంట్లోనే చెక్ చెయ్. డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ నెమలి తెస్తుంది. పనయితే 'ఛార్జ్ ఎక్కింది' అను. చెడితే 'బ్యాటరీ డౌన్'."

నెమలి టెక్నికల్ సెక్షన్‌కి కళ. ఆమె కారిడార్‌లో నడిస్తే ఫైళ్ళు చూస్తున్నవాళ్ళు పేజీ మరిచిపోతారు. ఆమె తేలుకి స్వయానా మరదలు, భార్యకు ఒక్కగానొక్క చెల్లెలు. డిపార్ట్‌మెంట్‌లో చేర్పించింది కూడా అతనే. అక్కకు తెలిస్తే ఇద్దరి వీపులూ విమానం మోత మోగుతాయి.

మర్నాడు పొద్దున తేలు ఇంటి గ్యారేజీలో, గ్రీజు మరకల ఓవరాల్స్ వేసుకుని కారు బానెట్ ఎత్తాడు. లోపల హాల్లో వంటాయన కూర్చుని, ఆఫీసు అతిథి అనుకుని తేలు భార్య పెట్టిన టీకి వంకలు పెడుతున్నాడు.

నెమలి స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌లో కేబుల్ గుచ్చి, ల్యాప్‌టాప్ తెరిచింది. "డీలర్ దగ్గరుండే సాఫ్ట్‌వేర్ ఏమేం చేస్తుందో ఇదీ అన్నీ చేస్తుంది బావా. లోపాల కోడ్లు చదువుతుంది, మాడ్యూల్స్ అనే బుల్లి కంప్యూటర్లలో కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తుంది. ధర మాత్రం ఒక టైరంత. ఇంట్లో కూర్చుని ఎవరైనా వాడుకోవచ్చు."

"చవగ్గా వచ్చేది ఏదైనా నాకు భయమే."

"అక్కని కట్నం లేకుండా చేసుకున్నప్పుడు భయం వెయ్యలేదా?"

తేలు నవ్వాడు. స్క్రీన్ మీద ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు వరసగా పచ్చబడ్డాయి. లోపాలు సున్నా.

"చూశావా, నిక్షేపంలా ఉంది," అని నెమలి చేతులు దులుపుకుని అక్కను పలకరించడానికి లోపలికి వెళ్ళింది.

తేలుకి ఎక్కడో తేడా కొట్టింది. పాత కారన్నాక ఏదో ఒక మూలుగు ఉంటుంది. ఎప్పుడో మాడిన బల్బు, ఒకసారి పడిపోయిన బ్యాటరీ, ఏదో ఒక కోడ్ మిగిలే ఉంటుంది. ఇది అప్పుడే పుట్టిన బిడ్డలా ఉందేమిటి? ఇంట్లో కారు బాగుచేసుకునేవాళ్ళకు ఒక అలవాటుంది. పరికరం మీద అనుమానం వస్తే, కారును తామే కావాలని చెడగొట్టి, అది కనిపెడుతుందో లేదో చూస్తారు. తేలు ముందు చక్రం దగ్గర సెన్సర్ కనెక్టర్ ఊడబీకాడు. డ్యాష్‌బోర్డు మీద బ్రేకు హెచ్చరిక దీపం ఎర్రగా వెలిగింది. మళ్ళీ స్కాన్ నొక్కాడు.

లోపాలు సున్నా.

స్క్రీన్ నిజం చెప్పడానికి రాలేదు. స్కాన్ అన్న వంకతో ఈ సాఫ్ట్‌వేరే బ్రేకు మాడ్యూల్‌లో విషం ఎక్కించింది. అది తెచ్చింది తన మరదలు. పెళ్ళినాటికి గౌను తొడుక్కుని తిరిగేది. సైకిల్ నేర్పింది తను. మోకాలు చీరుకుపోతే భుజాన వేసుకుని పరిగెత్తింది తను. తేలు సెన్సర్ మళ్ళీ తగిలించాడు.

మాడ్యూల్ విప్పి కడగాలంటే ఒక రోజు పడుతుంది. కోర్టు అంతదాకా ఆగదు. విషం పెట్టినవాళ్ళకే విరుగుడు తెలుసు.

"మరదలు పిల్లా! ట్రయల్ వేసొద్దాం రా. ల్యాప్‌టాప్ కూడా పట్టుకో."

నెమలి ఒక్క క్షణం ఆగింది. తర్వాత నవ్వుతూ వచ్చి పక్క సీట్లో కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. కేబుల్ అలాగే ఉంది. తేలు ఆమె ఎడమ చేతిని ప్రేమగా అందుకుని, తన వాచీని దానికి తొడిగాడు. మీట నొక్కగానే వాచీ పట్టీ ఉక్కు బేడీగా సాగి, సీటు కింది కడ్డీకి బిగుసుకుంది.

"ఏంటి బావా ఈ సరసం?"

"నువ్వు కూడా పాతదానివే కదా. నిన్నూ ఒకసారి స్కాన్ చేద్దామని."

కారు గేటు దాటింది. వీధి చివర నుంచి రోడ్డు ఏటవాలుగా కిందికి దిగుతుంది. అడుగున రైల్వే గేటు. స్పీడు ముప్పై. నలభై.

"సాఫ్ట్‌వేర్ ఎవరిచ్చారు?" అడిగాడు తేలు.

"స్టోర్స్‌లో ఇచ్చారు." ఆమె గొంతు తడబడలేదు. మంచి శిక్షణ. ఇచ్చింది తేలే మరి.

యాభై. కింద రైల్వే గేటు పడుతోంది. దూరంగా గూడ్సు బండి కూత.

"బావా, మెల్లిగా పోనీ."

"ఎందుకు? బ్రేకులు నిక్షేపంలా ఉన్నాయన్నావుగా?"

యాభై ఐదు.

"అరవై దాటనివ్వకు! బావా, నీకు దణ్ణం పెడతాను, అరవై దాటితే..."

తేలు యాక్సిలరేటర్ మీద కాలు బిగించాడు. అరవై దాటింది. అప్పుడు బ్రేకు తొక్కి చూపించాడు. పెడల్ మెత్తగా అడుగంటా దిగిపోయింది.

"ఇక నా చేతిలో ఏమీ లేదమ్మా. విరుగుడు పాస్‌వర్డ్ నీ చేతిలో ఉంది. ఇష్టమైతే కొట్టు, లేకపోతే మానెయ్."

నెమలి కేకపెట్టి కీబోర్డు మీద పడింది. ఒంటి చేయి. తప్పు. మళ్ళీ కొట్టింది. తప్పు. గూడ్సు ఇంజిన్ గేటు అవతల పెద్దదవుతోంది. తేలు ఆమె వైపు చూడలేదు. చూస్తే మనసు కరుగుతుందని అతనికి భయం.

"అయింది! తొక్కు! తొక్కు బావా!"

తొక్కాడు. టైర్లు కీచుమని అరిచాయి. కారు ముక్కు గేటు కడ్డీని ముద్దుపెట్టుకుని ఆగింది. గూడ్సు పెట్టెలు దడదడలాడుతూ పోయాయి. నెమలి కిటికీ వైపు తిరిగి వాంతి చేసుకుంది.

తేలు కారు వెనక్కి తిప్పి పైకి వెళ్ళి, అదే వాలులో మళ్ళీ అరవై దాటించి, మళ్ళీ ఆపి చూసుకున్నాడు. ఆమె సీట్లోనే ఉంది. అప్పుడు ఫోన్ తీశాడు.

"ఛార్జ్ ఎక్కింది. విషం పెట్టింది నెమలే."

"పనయిపోయిందని వాళ్ళకు ఆమె చేతే చెప్పించు," అన్నాడు చీఫ్. "కారే చంపుతుందనుకుంటే తుపాకులు తీసేస్తారు. తర్వాత ఆమెను వదిలెయ్."

"వంటాయన కోర్టులో కనపడగానే ఈమె అమ్ముడుపోయిందనుకుంటారు. ముక్కలు చేస్తారు."

"అది వాళ్ళ స్టాఫ్ వ్యవహారం."

నెమలి తన ముఠాకు ఫోన్ చేసింది. "పార్సెల్ బయల్దేరుతోంది. దారి ఖాళీ చెయ్యండి." గొంతు మామూలుగానే ఉంది. కన్నీళ్ళు మాత్రం ఆగడం లేదు. తేలు ఆమె ఫోన్ లాక్కుని, బేడీ విప్పి, తలుపు తెరిచాడు.

"బావా, వాళ్ళు నన్ను బతకనివ్వరు. జైల్లో పెట్టించు, చాలు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"దిగు."

"అక్కకి ఏం చెప్తావు?"

"నీ అంత బాగా అబద్ధాలు రావులే. ఏదో ఒకటి చెప్తాను."

ఎత్తు మడమల చెప్పులతో ఆమె రోడ్డు పక్కన నిలబడిపోయింది. తేలు అద్దంలోకి చూడకుండా ఇంటికి వెళ్ళి, వంటాయనకు నర్సు వేషం వేసి ఎక్కించుకున్నాడు. దారిలో ఒక్క తుపాకీ పేలలేదు. కోర్టు దగ్గరకు వస్తుండగా భార్య ఫోన్ చేసింది. "ఏమండీ, చెల్లి ఫోన్ ఎత్తడం లేదు. మీతోనే ఉందా?"

"మధ్యలో దిగిపోయింది," అన్నాడు తేలు. ఫోన్ పెట్టేశాడు.

అంతలో కోర్టు గేటు ముందు లారీ అడ్డొస్తే గట్టిగా బ్రేకు వేశాడు. కారు ఉన్నచోటే ఆగింది. వంటాయన ముందు సీటుకు గుద్దుకుని, నర్సు టోపీ సర్దుకుంటూ విసుక్కున్నాడు.

"ఏంటండీ అంత మొరటుగా? మనిషన్నాక కాస్త మెత్తదనం ఉండాలి!"