ఎత్తు తప్పిన మెట్టు

మా ఆయన మేడమెట్లు కట్టించినప్పుడు ఒక మెట్టు బెత్తెడు ఎత్తు ఎక్కువైంది. పదేళ్లుగా ఇంటికొచ్చిన వాళ్లంతా అక్కడే బోర్లా పడుతున్నారు. ఆయన మాత్రం "తప్పు మేస్త్రీది" అంటారు. పిల్లలూ, అలాంటి మెట్టునే కావాలని కట్టించిన ఒక దొర కథ చెబుతాను, వినండి.

పడమటి సముద్రంలో ఐర్లండ్ అనే వానల దీవి ఉంది. పూర్వం అక్కడ కోనర్ అనే దొర తన ప్రజలనే నమ్మక, నాలుగంతస్తుల రాతిబురుజు కట్టించుకుని అందులోనే కాపురం పెట్టాడు. కింద రెండు తలుపుల నడుమ ఒక ఇరుకు గది, దాని కప్పుకు ఒక కంత. గదిలో చిక్కినవాడి మీద కాపలావాళ్లు ఆ కంతలోంచి సలసల కాగే నీళ్లు కుమ్మరిస్తారు. ఒకసారి ఒక కాపలావాడు, "కింద ఎవరు?" అని అడిగి మరీ పోశాడు. అడిగినందుకు దొర వాణ్ణి ఉరి తీయించాడు. అప్పటినుంచి ఎవరూ ఏమీ అడగలేదు.

బురుజు పూర్తయ్యాక, దాని గుట్టు బయటపడుతుందని, కట్టిన మేస్త్రీ లోర్కన్‌ను దొర ఒక మంత్రగత్తె చేత గోడలో రాయిగా మార్పించాడు. తండ్రిని విడిపించడానికి కొడుకులిద్దరూ తలుపు గుండానే వెళ్లారు. ఇంటికి వాళ్ల జోళ్లు మాత్రం వచ్చాయి.

మిగిలింది కూతురు నూలా. ఎడమచేత్తో పని చేస్తుందని ఊరంతా ఈసడించే పిల్ల. ఆమె బురదనేలలు దాటి మంత్రగత్తె గుడిసెకు వెళ్లింది.

"మా నాయన్ని ఎలా విడిపించాలి, అవ్వా?"

"రాయి చెయ్యమన్న నోరే, తప్పు నాదని పైకి అనాలి. అదీ రేపు పొద్దుగుంకేలోపు. తర్వాత నా వల్ల కూడా కాదు. ఆ నోటెంట ఆ మాట ఎప్పుడైనా విన్నావుటే?" అని అవ్వ పకపకా నవ్వింది.

మర్నాడు నూలా తలుపు జోలికే పోలేదు. తండ్రి పేర్చిన ప్రతి రాయీ ఆమెకు తెలుసు. బురుజు వెనక మరుగుదొడ్డి గొట్టం ఉంది. తండ్రి సుత్తిని నడుముకు దోపుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని అందులోంచి పైకి పాకింది. లోపల ఏం తగిలిందో చెప్పను. మీరు అన్నం తినాలి కదా.

రెండో అంతస్తులో తేలి మెట్లెక్కసాగింది. అవి స్తంభం చుట్టూ మెలితిరిగిన మెట్లు. ఎక్కేవాడి కుడిచేతికి స్తంభం అడ్డం. దిగేవాడికి కత్తి ఝళిపించడానికి బోలెడు చోటు. పైనుంచి దొర కత్తితో దిగాడు.

"కంపుగొట్టు ఎలుకా! మీ అన్నల్ని ఉడికించినట్టే నిన్నూ ఉడికిస్తా!"

నూలా ఆ సుత్తిని ఎడమచేత్తో ఊపి కొట్టింది. ఆ చేతికి అడ్డమేముంది? దొర మణికట్టు పటుక్కుమంది, కత్తి జారింది. కోపంతో మీదికి దూకాడు. నూలా స్తంభానికి అతుక్కుపోయింది. రోజూ మెట్లు లెక్కపెట్టుకుని దిగే దొర ఆ ఊపులో లెక్క మరిచాడు. శత్రువుల కోసం పట్టుబట్టి ఎత్తు పెట్టించిన మెట్టు మీద అడుగు తప్పి, దొర్లుకుంటూ పోయి, లోపలి తలుపును తోసుకుని, తలుపుల నడిమి గదిలో పడ్డాడు. కాలు విరిగింది.

అలికిడి వినగానే పైన కాపలావాళ్లు కాగు ఎత్తారు.

"ఆగండ్రా! నేను దొరను!"

"చచ్చేవాళ్లంతా అదే అంటార్రా," అన్నాడు ఒకడు రెండోవాడితో. "అడిగితే ఉరి. పోసెయ్."

నూలా మెట్లు దిగి కాపలావాళ్ల గదిలోకి పరుగున వచ్చి కంతకు అడ్డంగా పడుకుంది. "కింద ఉన్నది దొరే, ఆగండి! దొరా, మా నాయన రాయి కావడం ఎవరి తప్పు?"

"తొందరగా తేల్చండమ్మా, కాగు బరువుగా ఉంది!" అన్నాడు రెండోవాడు.

"మేస్త్రీదే! ఆ పాడు మెట్టు కట్టింది వాడేగా!"

నూలా కొంచెం పక్కకు జరిగింది. కాగులోంచి రెండు చుక్కలు పడి దొర చెంప బొబ్బలెక్కింది. గోడ సందులోంచి కనిపించే పొద్దు ఎర్రబడింది.

"మా అన్నలు కూడా ఇక్కడే అరిచారు, దొరా."

"నాదే! తప్పు నాదే!"

గోడ ఫెళ్లున పగిలింది. లోర్కన్ బయటికొచ్చాడు. కుడిచెయ్యి మాత్రం రాయిగానే మిగిలింది. అన్నలు రాలేదు, ఉడికినవాళ్లకు మంత్రం లేదు.

ప్రజలు నూలాను దొరసానిని చేశారు. ఆమె కంతను మూయించింది, మెట్టును మాత్రం అలాగే ఉంచి, కుంటి దొరను దాని పక్కన కూర్చోబెట్టింది. ఎవరు మెట్లెక్కినా అతను గట్టిగా చెప్పాలి: "చూసి నడవండి. ఈ మెట్టు పెట్టించింది నేనే. తప్పు నాదే."