ఫేనం అయిపోయింది

"క్షమించండి. ఈ బండిలో రక్షాఫేనం అయిపోయింది. మెల్లగా నడపండి," అని అద్దె కారు మళ్లీ చెప్పింది. సోమేశ్వర్ హడలిపోయి అరకు ఘాట్‌రోడ్డులో బండిని నత్తలా పాకించసాగాడు.

పక్కన భార్య కుముదకు ఒళ్లు మండిపోతోంది. అమ్మానాన్నలు లేని చెల్లెలు తారక పెళ్లి. కన్యాదానం చేయాల్సింది అక్కాబావలే. ముహూర్తమేమో ముంచుకొస్తోంది!

2086లో సొంత కారంటూ ఎవరికీ లేదు, అన్నీ అద్దె బండ్లే. బండి దేన్నైనా గుద్దితే చాలు, సీట్లలోంచి రక్షాఫేనమనే నురుగు పొంగి, పనసతొనను పీచు పట్టుకున్నట్టు మనిషిని పట్టేసేది. ఇంకేం, జనానికి కళ్లు నెత్తికెక్కాయి. బండి తమది కాదాయె, ఒంటికి దెబ్బ తగలదాయె! రోడ్డున నడిచేవాళ్ల పాట్లు పగవాడికి కూడా వద్దు. అప్పుడు శాస్త్రవేత్త కుముద 'భయవాణి' అనే ప్రోగ్రామ్ రాసింది. అది ప్రతి బండిలోనూ నురుగు నిండుగా ఉన్నా లేదనే చెబుతుంది. అడిగింది కుముదే అయినా నిజం చెప్పదు. ప్రమాదాలు సగానికి సగం తగ్గాయి. ఈ గుట్టు ఆమె కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదు.

ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏవండీ, అదంతా ఉత్తిదే. ఆ అబద్ధం రాసింది నేనే. తొక్కండి!"

"ఓసినీ! ఇన్నాళ్లూ నన్ను వెర్రివెధవని చేశావన్నమాట!"

సోమేశ్వర్ పకపకా నవ్వి తొక్కాడు. మలుపులో ఎదురొచ్చిన లారీ వీళ్ల బండి పక్క అద్దాన్ని రాసుకుంటూ పోయింది. కుముద కెవ్వుమంది.

"నురుగుందిగా, భయమెందుకే?" అన్నాడు. అంతలోనే అతని మొహం పాలిపోయింది. బండి పక్కకు తీసి ఆపేశాడు. "కుముదా, అన్ని బండ్లూ ఖాళీ అనే చెప్తుంటే, నింపలేదేమని అద్దె కంపెనీవాణ్ణి అడిగేదెవరు? అడగనప్పుడు వాడెందుకు నింపుతాడే?"

కుముదకు ఆ ఆలోచన ఒక్కనాడూ తట్టలేదు.

"నిజం చెప్పు. నేను కుముదను. నురుగుందా, లేదా?" అని కారును బతిమాలింది.

"క్షమించండి. ఈ బండిలో రక్షాఫేనం అయిపోయింది."

సోమేశ్వర్ స్టీరింగు మీంచి చేతులు తీసేశాడు. ఫోన్ మోగింది.

"అక్కా, ఎక్కడున్నారే? పంతులుగారు మిమ్మల్ని పీటల మీద కూర్చోమంటున్నారు!" తారక గొంతులో ఏడుపు.

కుముద ఆగిన బండినీ, ముందున్న మలుపునూ చూసింది.

"ఇదిగో, వచ్చేశామే," అంది.