గున్న గొంతు

"వచ్చే భాగాల నుంచి గున్నకి నీ గొంతు ఉండదట..."

ఆ ఒక్క మాట అనేసి, చెప్పులు విప్పడం కూడా మరచిపోయి, భర్త గుమ్మంలోనే నిలబడిపోయాడు. స్టవ్ మీద నీళ్ళు మరుగుతున్నాయి. ఆమె గొంతు కోసం పూటపూటా కాగే నీళ్ళవి. వాటిలో వేయబోతున్న ఉప్పు చేతిలోనే ఉండిపోయింది.

"ఏమిటండీ ఈ హాస్యం?"

"హాస్యమైతే ఎంత బాగుండేది..."

"నా గొంతుకేమొచ్చిందండీ! మొన్న టీవీలో విన్నాం కదా! మొదట్లో ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉందని పక్కింటావిడ కూడా అంది కదా!"

అతను ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. ఆమె గొంతిచ్చే స్టూడియోలోనే సౌండ్ ఇంజనీరు అతను. ఆమె అద్దాల గదిలో నిలబడి మాట్లాడుతుంటే, అద్దానికి ఇవతల కూర్చుని ఆ మాటల్ని పట్టేది అతనే.

"నువ్వు విన్నది నీ గొంతు కాదు..." అన్నాడు మెల్లగా. "నీ గొంతు బరువెక్కి నాలుగేళ్ళు దాటింది. నువ్వు డైలాగులు చెప్పి వెళ్ళిపోయాక నేను మిషన్ మీద దాన్ని సన్నం చేసి, పైకి లేపి పంపిస్తూ వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పలేదు. మొన్న నాకు జ్వరమొచ్చి వెళ్ళలేదు చూడు... ఆ రోజు డైరెక్టరు గారు నీ అసలు గొంతు విన్నారు."

ఆమె ఉప్పు పక్కన పెట్టి స్టవ్ ఆర్పేసింది. భర్త మీద కోపం రావాలి... రాలేదు. ముందుగా సిగ్గు వచ్చింది! కిందటేడు నక్క బొమ్మకి గొంతిచ్చే పెద్దావిడని మానిపించినప్పుడు, "పాపం, నక్క ముసలిదైపోయింది!" అని నలుగురిలో నవ్వింది తనే కదా! అప్పుడు భర్త నవ్వకుండా వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఎందుకు నవ్వలేదో ఇప్పుడు తెలిసింది...

గున్న ఒక బొమ్మల సీరియల్లోని ఏనుగు పిల్ల. పిల్లలున్న ఏ ఇంట్లోనైనా సాయంత్రమయ్యేసరికి ఆ ఏనుగు పిల్ల అల్లరి వినిపించాల్సిందే! ఇరవై రెండేళ్ళ నుంచీ దాని గొంతు ఆమెదే. ఆ పేరే ఆమెకి అంటుకుపోయి, స్టూడియో కాపలావాడి నుంచి వీధి చివర టైలరు దాకా అందరికీ ఆమె 'గున్నమ్మ' అయిపోయింది. 

మొదట్లో ఆ గొంతు ఇలా ఉండేది కాదు. "పిల్ల జంతువు కదమ్మా, కీచుమనిపించండి" అన్నాడు డైరెక్టరు. ఆమె కీచుమంది. అది విని అత్తగారు చెవులు మూసుకుని, "ఏనుగు పిల్లా, తలుపు సందున పడ్డ ఎలుకా?" అంది. జనానికీ నచ్చలేదు. ఇక సీరియల్ ఆపేద్దామనుకుంటున్నప్పుడు ఆమెకి నెల తప్పింది. కడుపు పెరిగేకొద్దీ ఊపిరి చాలక మాట మధ్యలో ఆగిపోయేది. "నేను... వస్తానంటే... వచ్చి తీరతా!" అని రొప్పుతూ చెప్పింది ఒకరోజు. డైరెక్టరు ఎగిరి గంతేశాడు. "ఇదే! గున్న ఇదే!" అన్నాడు. కాన్పు అయ్యాక కూడా ఆమె ఆ ఆయాసాన్ని వదలలేదు. రాసేవాళ్ళు దానికి సరిపడేలా మాటలు విరిచి రాయడం మొదలుపెట్టారు. పోను పోను గున్న బడికి వెళ్ళింది, స్నేహితుణ్ణి పోగొట్టుకుంది, అమ్మ మీద అలిగింది. గొంతులో గారం చేరింది, బెంగ చేరింది. బొమ్మ వయసు మాత్రం ఆరేళ్ళు దాటలేదు. బొమ్మ వెనకాల మనిషికి దాటకుండా ఉంటుందా!

ఆ గొంతు కోసం ఆమె పెట్టుకున్న నియమాలు అన్నీ ఇన్నీ కావు. చల్లనిది ముట్టదు. పొగ ఉన్నచోట నిలబడదు. స్టూడియో నుంచి రాగానే మౌనం! ఏం కావాలన్నా సైగలు, మరీ అవసరమైతే గుసగుసలు. కూతురు పరుగెత్తుకొస్తే పెదవుల మీద వేలు పెట్టేది. "మీ అమ్మ నోట్లో ముత్యాలున్నాయే, తెరిస్తే రాలిపోతాయి" అని మనవరాల్ని ఎత్తుకుపోయి టీవీ ముందు కూర్చోబెట్టేది అత్తగారు. అక్కడ విన్నవన్నీ ఆ పిల్ల పొల్లు పోకుండా తిరిగి అనేది. అందుకే ఆవిడ దాన్ని 'చిలక' అని పిలిచింది. ఆవిడ పోయినా ఆ పేరు మిగిలింది.

"ఎవరికిస్తున్నారట?" అని అడిగింది ఆమె.

భర్త గుమ్మంలోంచి పక్కకి జరిగాడు. చెప్పాల్సిన మనిషి అప్పుడే మందుల షాపులో డ్యూటీ ముగించుకుని లోపలికి అడుగుపెట్టింది. తల్లి ముఖం, తండ్రి ముఖం చూసి, భుజానున్న బ్యాగు దించింది.

"నాన్న చెప్పేశారా? ... నేనేనమ్మా."

"నువ్వా?"

"పరీక్షకి పిలిచారు. నువ్వు బాధపడతావని చెప్పలేదు. వస్తుందనీ అనుకోలేదు."

"ఎక్కడ నేర్చుకున్నావే? ఒక్కరోజు నా పక్కన నిలబడ్డావా? నేను నీకు ఒక్క మాటైనా నేర్పానా?"

చిలక ముఖం ఎర్రబడింది. "నేర్పలేదు. నువ్వు నాతో మాట్లాడితే కదా నేర్పడానికి! నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేశావు... 'ఏం కాదమ్మా' అని ఒక్క మాట అన్నావా? బడిలో పాట పాడి గెలుచుకొస్తే చప్పట్లు కొట్టావు, నోరు తెరవలేదు! నీ గొంతు ఎలా ఉంటుందో నాకు టీవీలోనే తెలిసిందమ్మా. అమ్మ మాట వినాలనిపిస్తే గున్నని పెట్టుకుని వినేదాన్ని. అన్నీ కంఠతా వచ్చేశాయి... విను కావాలంటే!"

కోపంతో ఒగరుస్తూనే ఆ పిల్ల గున్నలా మాట్లాడింది. "నేను... పిలిచినప్పుడు... నువ్వు రావేం?" ఏనాటిదో గున్న అమ్మ మీద అలిగిన భాగంలోని మాట! అనుకరణ కాదది. తన పడుచు గొంతే! తాను పోగొట్టుకున్నది ఎదురుగా నిలబడి, తననే నిలదీస్తోంది...

"ఆపవే!" అంది చెవులు మూసుకుని.

మర్నాడు ఆమె ఎవరికీ చెప్పకుండా డైరెక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయనా ముసలివాడైపోయాడు. కుర్చీలోంచి లేచి నిలబడి, తానే ఆమెకి కుర్చీ జరిపాడు. అడగ్గా అడగ్గా, మిషన్ సాయం లేని ఆమె గొంతు వినిపించాడు. మెట్లెక్కి అలసిన ఆడమనిషి ఎవరో చిన్నపిల్లలా గారాలు పోతున్నట్లుంది. సగం కూడా వినలేకపోయింది.

"మీ అమ్మాయి గొంతు విన్నాక నాకు ప్రాణం లేచొచ్చిందమ్మా" అన్నాడాయన. "కానీ ఇది మీరు పెంచిన బిడ్డ. మీకు ఇష్టం లేదంటే పైవాళ్ళకి చెప్పి ఇంకో అమ్మాయిని తీసుకుంటాను. ఉంది ఒకమ్మాయి. మీ మాటే నా మాట. చెప్పండి."

ఒక్క మాట చాలు. 'ఇవ్వండి' అంటే చాలు. ఆమె నోరు తెరిచింది...

"మా అమ్మాయికి వద్దండీ. ఈ పని మనిషిని తినేస్తుంది. నేను తిన్న దెబ్బ చాలు. దాన్నైనా సుఖంగా ఉండనివ్వండి" అంది.

ఆయన తలూపాడు.

దారి పొడుగునా ఆమె తనకి తాను సర్దిచెప్పుకుంది. కన్నతల్లిని కాబట్టే అన్నాను, రేపు దానికే తెలుస్తుంది అనుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కానీ పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మర్నాడు సాయంత్రం భర్త స్టూడియో నుంచి వస్తూనే, కూతురి ఎదుటే అడిగాడు.

"దీనికి ఇవ్వొద్దని చెప్పావా?"

చిలక తింటున్నది ఆపి తలెత్తింది. ఆ చూపుకి తట్టుకోలేక ఆమె గబగబా అంది. "నీ మంచికే చెప్పానే! ఇరవై ఏళ్ళ తర్వాత నిన్నూ ఇలాగే—"

"నా మంచికేనా అమ్మా?"

ఆ పిల్ల అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది! ఆ మెత్తటి ప్రశ్నకి ఆమె లోలోపల కట్టుకున్న గోడ కాస్తా కూలిపోయింది. 

"కాదు..." అంది. "కాదు తల్లీ! ఓర్వలేకపోయాను. రోజూ ఈ ఇంట్లోంచే ఇంకొకరు గున్న అయి వెళుతుంటే, నేను గుమ్మంలో నిలబడి చూడాలి కదా... అది తలుచుకుంటే ప్రాణం పోయినట్లయింది. పరాయి పిల్ల అయితే తిట్టుకుంటూనైనా బతికేదాన్ని. నువ్వైతే... నిన్నెలా తిట్టుకోను?"

"కన్నకూతురి మీద అసూయా!" అన్నాడు భర్త. పెళ్ళయ్యాక అతని గొంతులో అంత చేదు ఆమె ఎన్నడూ వినలేదు. "నీ మనసు నొచ్చుకుంటుందని నాలుగేళ్ళు దొంగపని చేశాను. దాని మనసు కోసం నువ్వు ఒక్క మాట అనలేకపోయావా?"

"మీరు మాట్లాడకండి! మీరు నాకు నిజం చెప్పి ఉంటే, నాలుగేళ్ళ కిందటే గౌరవంగా తప్పుకుని, నా చేతులతో నేనే దీన్ని తీసుకెళ్ళేదాన్నేమో! నన్ను గుడ్డిదాన్ని చేసింది మీరు కాదూ!"

చిలక కంచం తీసి కడిగి పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

తెల్లారి భర్త పనికి వెళ్ళగానే ఆమె మళ్ళీ స్టూడియోకి పరుగెత్తింది. కాళ్ళకి ఏ చెప్పులు దొరికితే అవి వేసుకుని, జుట్టు కూడా సరిగ్గా ముడుచుకోకుండా వెళ్ళింది. డైరెక్టరు వరండాలోనే ఎదురయ్యాడు. ఆయన వెనక, అద్దాల గదిలో, ఎవరో సన్నటి అమ్మాయి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంటోంది.

"మొన్న మాట తప్పుగా అన్నానండీ. మా అమ్మాయికే ఇవ్వండి."

"అయ్యో అమ్మా... నిన్న సాయంత్రమే ఈ అమ్మాయితో ఒప్పందం రాసేసుకున్నారు. పైవాళ్ళు సంతకాలు కూడా పెట్టేశారు."

"చింపేయండి!"

"నా చేతుల్లో లేదమ్మా. మీరే కదా వద్దన్నారు..."

"నేను అబద్ధం చెప్పానండీ! కుళ్ళుబోతుతనంతో చెప్పాను! దాని గొంతులో ఒక్క వంక లేదు. దానికన్నా బాగా చేసేవాళ్ళు ఈ భూమ్మీద లేరు. నాకన్నా బాగా చేస్తుంది, వింటున్నారా? నాకన్నా!"

ఆమె అరుస్తోంది! జలుబు చేస్తుందేమోనని వానలో నడవని మనిషి, నవ్వితే గొంతు రాసుకుంటుందని నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మనిషి, వరండా దద్దరిల్లేలా అరుస్తోంది. కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. అద్దాల గదిలోని అమ్మాయి బిత్తరపోయి హెడ్‌ఫోన్లు తీసేసింది. మిషన్ ముందు కూర్చున్న భర్త లేచి వచ్చి భార్య భుజాలు పట్టుకున్నాడు. అప్పటికే ఆమె గొంతు పగిలిపోయింది. మాటకి బదులు గాలి వస్తోంది. అయినా పెదవులు ఇంకా ఏదో అంటూనే ఉన్నాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం! ఒప్పందం మారలేదు.

నెల తిరక్కుండానే చిలక ఊరి అవతలి వైపు ఇంకో మందుల షాపులో చేరింది. అక్కడికి దగ్గరని చెప్పి స్నేహితురాళ్ళతో గది తీసుకుంది. పోట్లాడి వెళ్ళలేదు, అలిగి వెళ్ళలేదు. అన్నీ సర్దుకుని, వెళ్ళొస్తానమ్మా అని చెప్పి మరీ వెళ్ళింది. తల్లి గొంతు తిరిగి వచ్చింది గానీ, కాస్త బొంగురు మిగిలిపోయింది. ఇప్పుడామె ఇంట్లో ఎంతసేపైనా మాట్లాడొచ్చు. ఎవరితో మాట్లాడాలి? భర్త అన్నింటికీ 'ఊఁ' అంటాడు. ఆ 'ఊఁ' దాటి ఇద్దరిలో ఎవరూ ముందుకి రాలేదు.

కొత్త భాగాలు మొదలయ్యే ఆదివారం, పిలవకుండానే కూతురు వచ్చింది. తల్లి సంబరంతో వంటింట్లోకి, హాల్లోకి నాలుగుసార్లు తిరిగింది. చివరికి ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. గున్న తెర మీదికి దూకింది. అదే తొండం, అదే బొద్దు కాళ్ళు... గొంతు మాత్రం కొత్తది. ఆయాసం పడాల్సినచోట ఆ అమ్మాయి లెక్కగా ఆగింది, లెక్కగా మళ్ళీ అందుకుంది. పక్కింటి పిల్లలు మాత్రం గోడ అవతల పడీ పడీ నవ్వుతున్నారు! వాళ్ళకి ఏ తేడా తెలియలేదు. ఆమెకి అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకున్నది ఆ నవ్వే.

"బాగానే చేస్తోంది" అంది చిలక.

"ఏం బాగు! నువ్వైతే ఎంత బాగా చేసేదానివే... నీ ముందు అదెంత? నేనే ఎంత!"

కూతురు తల తిప్పి తల్లిని చూసింది. ఆ చూపులో కోపం లేదు. అలసట ఉంది.

"ఆ మాట నాకెందుకమ్మా ఇప్పుడు? ఆ రోజు, డైరెక్టరు గారు అడిగినప్పుడు ఆయనతో అని ఉంటే సరిపోయేది."

టీవీలో గున్న ఏదో అడుగుతోంది, గోడ అవతలి పిల్లలు జవాబు చెబుతున్నారు. కాసేపటికి చిలక బస్సు వేళయిందని లేచింది. గుమ్మం దాకా వచ్చిన తల్లి చెంప మీద చెయ్యి వేసి, "గొంతు బొంగురుగా ఉంది. డాక్టరుకి చూపించుకో. మందులు నేను పంపిస్తాను" అంది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు తల్లీ?"

"చూస్తానమ్మా..."

మెట్ల మీద అడుగుల చప్పుడు కిందికి దిగిపోయింది. ఆమె లోపలికి వచ్చి, భర్త పక్కన కూర్చుని, ఆ భాగం అయిపోయేదాకా చూసింది.