లోపలి హ్యాండిల్ లేని తలుపు

శ్యామసుందరి పరుగెడుతోంది!

చేతిలోని కంప్యూటర్ పెట్టె ఆఫీసు మెట్ల మీదే వదిలేసింది.

తను మూయకుండా వదిలిన వ్యాను వెనక తలుపు అలాగే తెరిచి ఉంది. లోపల టార్చి వెలుగు... ఎవడో వంగి పెట్టెలు లాగుతున్నాడు!

పది అడుగులు... అయిదు...

ధడేల్!

రెండు చేతులతో తలుపు మూసేస్తుంది.

క్లిక్!

లోపల్నుంచి తన్నులు!

తన్నుకోనీ.

ఇరవై ఏళ్ళ పాత వ్యాను. వెనక తాళం స్క్రూడ్రైవర్‌తో తిప్పినా వచ్చేసేది. నలభై రోజుల కిందట అలాగే తెరిచాడు ఎవడో ముసుగువాడు. అడ్డుపడిన ఆమె భర్త విఠల్ తల పగలగొట్టాడు.

విఠల్ పోయాక అతని డెలివరీ పని తనే తీసుకుంది. తలుపుకి స్టీలు పట్టీ వేయించింది. మూయగానే తనంతట పడే తాళం పెట్టించింది. లోపలి హ్యాండిల్ పీకించేసింది. ఎవరికీ చెప్పలేదు.

ఏడుపు మాత్రం రాలేదు.

ఇప్పుడు భయం కూడా రావడం లేదు.

సీట్లోకి దూకుతుంది. స్టార్ట్!

ఆస్ట్రేలియా జూలై చలి. ఆరింటికే చీకటి. రెండువేల సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు ఆగిపోతాయన్న వై2కే భయంతో మెల్‌బోర్న్‌లో ప్రతి ఆఫీసూ కొత్త కంప్యూటర్లు కొంటోంది. రోడ్డు నిండా డెలివరీ బళ్ళే.

పోలీస్ స్టేషన్‌కి ఇంకా రెండు సిగ్నల్స్.

రెడ్!

ఆగదు. చుట్టూ హారన్లు...

సీటు వెనకున్న రేకు మీద దబదబ!

"సుందరీ! ఆపమ్మా... నేను!"

తెలుగు!

ఆ గొంతు... రాజారావు అంకుల్! ఈ కంప్యూటర్ల షాపు ఓనర్. విఠల్‌కి ఉద్యోగం ఇచ్చినవాడు. శవపేటికకి భుజం పట్టినవాడు.

"మీ సరుకు మీరే దొంగతనం చేస్తారా అంకుల్?"

"ఇన్సూరెన్స్ కోసమమ్మా! షాపు మునిగిపోతోంది..."

"మరి విఠల్?"

ఆమె యాక్సిలరేటర్ తొక్కుతుంది.

"విఠల్‌ని కొట్టిందెవరు?"

"ముసుగు లాగేశాడమ్మా... నన్ను చూసేశాడు! ఒక్క దెబ్బే... ప్రామిస్!"

ఆమెకి ఏమీ అనిపించదు. గేరు మారుస్తుంది.

"డోర్ తియ్! గన్ ఉంది నా దగ్గర! రేకులోంచి కాల్చేస్తా! వన్... టూ..."

ఎదురుగా నీలం లైటు. పోలీస్ స్టేషన్!

రెండు కాళ్ళతో బ్రేకు తొక్కేస్తుంది.

వెనక పెట్టెలన్నీ ఒక్కసారిగా ముందుకి విరుచుకుపడతాయి...

ఢాం!

కానిస్టేబుల్ పరుగెత్తుకొస్తాడు. "ఆర్ యూ హర్ట్?"

ఒళ్ళంతా తడుముకుంటుంది. రక్తం లేదు. రేకుకి చిల్లు లేదు. తూటా ఇటు రాలేదు.

వెనక చప్పుడు లేదు.

"హూ ఈజ్ ఇన్ ద బ్యాక్?"

"మై బాస్," అంటుంది.

తాళంచెవి అతని చేతిలో పెడుతుంది.