నిండకూడని బ్యాటరీ

“ప్లగ్గు పీకినా పేలుతుంది. మెయిన్ ఆపినా పేలుతుంది. బ్యాటరీ నూరు శాతం నిండినా పేలుతుంది.”

చీఫ్ ధర్మరాజు గొంతు చెవి కమ్మలోంచి వినిపిస్తోంది. టాటానగర్ స్టేషన్ బయట ఆటో ఎక్కుతున్న ఏజెంట్ ఉజ్వల, కొంగు సర్దుకుంటున్నట్టు తల వంచింది.

“మరి ఏం చెయ్యాలి సార్?”

“కారు ప్లగ్గులోనే ఉండాలి. చార్జ్ ఎనభై దాటకూడదు. లిమిట్ ఎనభై దగ్గరే పెట్టి ఉంది. రాంచీ నుంచి బాంబ్ స్క్వాడ్ వచ్చేదాకా కాపలా కాయి.”

“వీధి ఖాళీ చేయిస్తే?”

“ముఠా మనిషి అక్కడే ఎక్కడో ఉన్నాడు. అలికిడైతే జారిపోతాడు. నీకు తోడు మన ఇంద్రాణి ఉంది. మూడేళ్ళుగా ఆ గోల్‌మురి పేటలోనే మకాం. ఊరంతా ఆమెకు కొట్టిన పిండి.”

కారు భీమారావుది. ఆదిత్యపూర్‌లో చిన్న ఫ్యాక్టరీ నడుపుతాడు. జలాంతర్గాములకు పనికొచ్చే కొత్త ఉక్కు రేకు తయారుచేశాడు. ‘నీలి గొడుగు’ అనే విదేశీ ముఠా ఆ కిటుకు అమ్మమంది. పొమ్మన్నాడు. దానికి జవాబు ఇప్పుడు బాంబై కారు కింద అతుక్కుని ఉంది. కోల్‌కతాలో దొరికిన ముఠా మనిషి ఒకడు ఇదంతా కక్కేశాడు.

ఉజ్వల దూరపు చుట్టాల పిల్లలా ఆ ఇంట్లో దిగింది. అసలు సంగతి భీమారావుకొక్కడికే తెలుసు. అతని మొహం అప్పటికే పాలిపోయి ఉంది.

ఆ రోజు విశ్వకర్మ పూజ. వీధి మధ్యలో పందిరి వేశారు. బళ్ళన్నిటికీ బంతిపూల దండలు వేశారు. పానాలు, సుత్తులు, బళ్ళ తాళాలు విగ్రహం కాళ్ళ దగ్గర పోగుపడ్డాయి. కారు చుట్టూ పిల్లలు చేరి గెంతుతున్నారు. ఉజ్వలకి కాలు నిలవడం లేదు. గేటు దాకా వెళ్ళడం, వచ్చి చార్జర్ లైటు చూడడం, మళ్ళీ వెళ్ళడం.

భీమారావు తల్లి పైడమ్మ కారు దగ్గర ఆగింది.

“ఒరే భీమా, ఏటిరా ఇది? ఇయాల మిషన్లన్నిటికీ సెలవు. దీనికి మాత్రం ఆ వైరెందుకు? పీకెయ్యి.”

చెయ్యి ప్లగ్గు మీదికి పోయింది. ఉజ్వల ఒక్క గెంతులో ఆ చెయ్యి పట్టుకుంది.

“వద్దు మామ్మా! లిమిట్ పెట్టి ఉంది. వైరున్నా కరెంటు తీసుకోదు. నిద్రపోతున్నట్టే.”

“ముక్కులో గొట్టం పెట్టుకుని ఎవులు నిద్దరోతారే?” అని సణుగుతూ పైడమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడే గేటు ముందు స్కూటీ ఆగింది. సర్వీస్ ఇంజనీర్ యూనిఫాం, నల్లకళ్ళద్దాలు. మనిషి కంటే ముందు సెంటు వాసన వచ్చింది.

“ఖర్కాయి ఏట్లో నీళ్ళెక్కాయా?” అంది ఉజ్వల మెల్లగా.

“ఎక్కాయి. బట్టలు ఒడ్డునే ఆరేసుకో.”

కోడ్ సరిపోయింది. ఇంద్రాణే. భీమారావు ఫోన్ తీసుకుని యాప్‌లో ఏదో నొక్కి, స్క్రీన్ ఉజ్వల వైపు తిప్పింది. ఎనభై. “రిలాక్స్” అని కన్ను గీటింది. ఈలోగా పైడమ్మ స్కూటీ తాళం పీకి పందిట్లోకి పట్టుకుపోయింది. ఇంద్రాణి అది గమనించలేదు.

పొద్దెక్కింది. మేళం మొదలైంది. చార్జర్‌కి అడ్డంగా ఇంద్రాణి నిలబడడంతో ఉజ్వల ఫోనే చూస్తోంది; అందులో ఎనభై అలాగే ఉంది. నీళ్ళు తాగుదామని లోపలికెళ్ళి తిరిగొచ్చేసరికి, ఇంద్రాణి స్క్రూడ్రైవర్‌తో చార్జర్ మూత విప్పుతోంది.

“ఏటమ్మీ, సేత్తన్నావు?” పైడమ్మ వెనకనుంచి అరిచింది. “పూజ రోజున స్క్రూడ్రైవర్ పడతావేటి? ఈ ఊర్లో ఏ మిస్త్రీ అయినా ఇయాల పనిముట్టు ముట్టుకుంటాడా?”

ఇంద్రాణి మొహంలో అయోమయం. ఆ ఆనవాయితీ ఏమిటో నిజంగానే తెలియని అయోమయం.

ఉజ్వల అక్కడే ఆగిపోయింది. మూడేళ్ళు గోల్‌మురిలో ఉన్న మనిషికి విశ్వకర్మ పూజ నాడు పనిముట్టు ముట్టరని తెలియదా? అంటే ఆమె ఇక్కడ ఉండనేలేదు. పంపిన రిపోర్టులన్నీ అబద్ధాలే. జీతం మనది, కొలువు ముఠాది!

చూపు చార్జర్ మీదికి పోయింది. నిలకడగా వెలగాల్సిన పచ్చ లైటు కొట్టుకుంటోంది. చార్జింగ్ నడుస్తోంది. ఫోన్‌లో కనిపిస్తున్న ఎనభై ఇంద్రాణి పెట్టిన ఉత్త బొమ్మ.

“లేట్ అయ్యావు, ఉజ్వలా. లిమిట్ పొద్దున్నే నూరు చేసేశాను. యాప్‌కి లాక్ పడింది. ఆ లైటొక్కటే ఆర్పేద్దామనుకున్నా, ముసలమ్మ అడ్డొచ్చింది” అని నవ్వి, ఇంద్రాణి స్కూటీ వైపు పరుగెత్తింది. దానికి తాళం లేదు, పందిట్లో పోగు మీద ఉంది.

లిమిట్ తగ్గించడానికి ఇక మిగిలింది కారులోని స్క్రీనే. కారు తాళమూ పందిట్లోనే. ఇద్దరూ ఒకేసారి పందిరి వైపు ఉరికారు. తాళాల పోగుకి అడ్డంగా పైడమ్మ వచ్చి నిలబడింది.

“హారతి అవకుండా ఎవులికీ తాళం ఇవ్వను.”

“మామ్మా, నీ కొడుకు ప్రాణం!”

పైడమ్మ ఆ పిల్ల కళ్ళలోకి చూసింది. ఇంకేమీ అడగలేదు. ఎర్రదారం కట్టిన తాళం తీసి చేతిలో పెట్టింది. రెండో చేత్తో ఇంద్రాణి మణికట్టు ఒడిసిపట్టింది.

“నువ్వాగవే! ఒరే భీమా, రారా!”

“పకడో!” అంటూ మిస్త్రీలంతా చుట్టుముట్టారు.

ఉజ్వల కారులో పడింది. స్క్రీన్ మీద తొంభై తొమ్మిది. లిమిట్ గీత మీద వేలు పెట్టి లాగింది. కదల్లేదు. వేలికంతా తాళం మీది సిందూరం, నూనె. అద్దం ముందు ఓ పాప బంతిపువ్వు ఊపుతోంది. వేలు చీరకి తుడిచింది. మళ్ళీ లాగింది.

ఎనభై.

టక్‌మంది. పచ్చ లైటు నిలిచింది. ప్లగ్గు ప్లగ్గులోనే ఉంది.

స్క్వాడ్ వచ్చి బాంబు పట్టుకుపోయాక చెవి కమ్మ పలికింది. “వెల్‌డన్! రిపోర్ట్ ఇవ్వు.”

“కాసేపాగాలి సార్. శిక్ష పడింది.”

“శిక్షా? ఎవరు వేశారు?”

ఎదురుగా పైడమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. “పేనాలు కాపాడావు, సంతోషమే. కానీ పూజ రోజున మిషన్ ముట్టుకున్నావా లేదా? తియ్యి గుంజీలు!”

ఉజ్వల విగ్రహం ముందు చెవులు పట్టుకుంది. ఒక చెవిలో చీఫ్ ఇంకా “హలో, హలో” అంటూనే ఉన్నాడు.